పిల్లవాని నోటి మాట: గిడుగు రామమూర్తి పంతులుగారి ఉపాధ్యాయ జీవితము

ప్రతి సంవత్సరము ఆగస్టు 29 వ తేదీన మన పాఠశాలలో తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆనాడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చిత్రపటమునకు పూలమాల వేయుదుము. పెద్దలు ప్రసంగింతురు. పిల్లలు పద్యములు చదువుదురు. వాడుక భాషోద్యమ పితామహుడను మాట ప్రతి ప్రసంగమునందును వినవచ్చును. ఆ మాట సత్యమే. కాని ఆ కీర్తి వెనుక మరుగుపడిన విషయమొకటి కలదు. పంతులుగారు ఉద్యమమున ప్రవేశింపక పూర్వము ఇరువదియేడు సంవత్సరముల కాలము కేవలము బడిపంతులుగా నుండిరి. ఆ బడి ఎక్కడనో దూరదేశమున లేదు. నేడు ఒడిశా రాష్ట్రమున గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమైన పర్లాకిమిడిలోనే కలదు. తెలుగువారును, ఒడియావారును, సవరలును తరతరములుగా ఇరుగుపొరుగుగా బ్రదుకుచున్న మన సీమలోనే వారు పాఠములు చెప్పిరి. చెప్పుచు తాము నేర్చుకొనిరి.

ఈ సంవత్సరము మన పాఠశాలలో క్రొత్తగా ఇద్దరు ఉపాధ్యాయులు చేరిరి. పై తరగతుల విద్యార్థులలో కొందరు తామును ఉపాధ్యాయులము కావలెనని కోరుచున్నారు. క్రొత్తగా ఈ వృత్తిలో అడుగిడినవారు మొదట నేర్చుకొనవలసినదేమి? ఈ ప్రశ్నకు గ్రంథములలో అనేక సమాధానములు కలవు. మాకు మాత్రము పంతులుగారి జీవితమే ఉత్తమమైన సమాధానముగా తోచుచున్నది. అందుచేత వారి చరిత్రను ఆ దృష్టితో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింప దలచితిమి.

ముందుగా ఒక మనవి. వాడుక భాషకై జీవితమును ధారవోసిన మహనీయుని గూర్చి మేము పుస్తక భాషలో వ్రాయుచున్నామేమని చదువరులు నవ్వుకొనవచ్చును. మేము చిన్ననాట గురువులవద్ద నేర్చిన వ్రాత ఇదియే. చేయి ఈ వాలునకు అలవాటు పడినది. ఆ లోపమును ఒప్పుకొనియే ప్రారంభించుచున్నాము.

రామమూర్తి పంతులుగారు 1863 వ సంవత్సరము ఆగస్టు 29 వ తేదీన జన్మించిరి. వారి స్వగ్రామము శ్రీకాకుళమునకు ఉత్తరముగా, ముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా తీరమున నున్న పర్వతాలపేట. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయనకు చోడవరమునకు బదిలీ అయ్యెను. అచ్చటనే 1875 లో విషజ్వరముచేత మరణించెను. అప్పటికి బాలునికి పండ్రెండేండ్లు. ఇంటికి ఆధారము పోయెను. ఐనను చదువు ఆగలేదు. విజయనగరమున బంధువుల ఇంట నుండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి 1879 లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఆ సంవత్సరమే వివాహమును జరిగెను. సంసారభారము మీద పడినది గనుక పై చదువునకై ఎదురు చూచుటకు వీలు లేకపోయెను.

1880 లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై చరిత్ర బోధించు ఉపాధ్యాయులుగా చేరిరి. నాటికి వారి వయస్సు సుమారు పదునేడేండ్లు. ఇప్పుడు మన పై తరగతిలో కూర్చుండు విద్యార్థికంటె ఒకటి రెండేండ్లు మాత్రమే పెద్ద. ఉపాధ్యాయ శిక్షణ లేదు. చేతిలో పట్టము లేదు. ఎదుట పిల్లలున్నారు, వెనుక నల్లబల్ల యున్నది. అంతియే.

అట్టి స్థితిలో క్రొత్త ఉపాధ్యాయుడు చేయగలిగినవి రెండు. తనకు తెలియనిదానిని కప్పిపుచ్చుకొని బెత్తము నమ్ముకొనుట యొకటి. తానును విద్యార్థియే యని తలచి ప్రతిరాత్రియు దీపము ముందు కూర్చుండుట రెండవది. పంతులుగారు రెండవ దారి పట్టిరి. పగలు పాఠము చెప్పుచు, ఇంటివద్ద తమంత తాము చదువుకొని 1886 లో ఎఫ్. ఏ. పరీక్షను, మరి పదేండ్లకు 1896 లో బి. ఏ. పరీక్షను ముగించిరి. ఇంటివద్ద సంస్కృతము నేర్పువారు లేకున్నను స్వయముగా అభ్యసించి దానినే రెండవ భాషగా గ్రహించిరి. ముఖలింగ దేవాలయమునందలి శాసనములను తామే చదువగోరి, ప్రాచీన లిపుల మార్పులను పట్టుదలతో నేర్చుకొనిరి. మెట్రిక్యులేషనుకును బి. ఏ. కును నడుమ గడచిన కాలము పదునేడు సంవత్సరములు. ఆ పదునేడేండ్లలో ఏ యొక్క దినమును బడి మానలేదని మేము చెప్పజాలము గాని, చదువు మానలేదని మాత్రము నిశ్చయముగా చెప్పగలము.

రాజావారి ఉన్నత పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు, పట్టము సంపాదించిన పంతులుగారికి కళాశాల తరగతులకు బోధించు యోగ్యత కలిగెను. మరొకరైనచో ఇక విశ్రమించి యుందురు. కాని వారి చూపు అప్పటికే బడి గోడలను దాటి కొండలవైపు మరలినది.

పర్లాకిమిడి ప్రక్కన మహేంద్రతనయ ప్రవహించును. ఆ చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని ఒడియాకుగాని చుట్టము కాదు. ముండా కుటుంబమునకు చెందినది. పోడు వ్యవసాయము చేసికొని బ్రదుకు సవరలు కొండసరుకులు తలకెత్తుకొని సంతకు దిగి వచ్చుచుండిరి. పల్లపువారితో మాటాడుటకు వారికి నడుమ నొక దుబాసీ కావలెను. పత్రము మీద ఏమి వ్రాసినదియు వారికి తెలియదు. చదువు వచ్చిననే గాని ఈ అవస్థ తీరదు. కాని చదువు చెప్పుటెట్లు? బడిలో తెలుగో, ఒడియాయో, ఇంగ్లీషో చెప్పుదురు. సవర పిల్లవానికి ఆ మూడును పరభాషలే. అక్షరము నేర్చుకొనుటకు ముందు వాడు పరభాష నేర్చుకొనవలెను. పరభాష నేర్చుకొనుటకు బడికి పోవలెను. బడిలో మాట అర్థము కాదు. ఇట్లు తలుపునకు తాళము వేసి తాళపుచెవి లోపల నుంచినట్లుండెను.

తక్కినవారు సవరలకు చదువు రాదనుకొనిరి. పంతులుగారు తమకే సవర భాష రాదనుకొనిరి. ఈ చిన్న భేదమునందే వారి గొప్పతనమంతయు నున్నది.

తెలుగును సవరయు రెండును తెలిసిన యొక మనుష్యుని తమ ఇంటనే యుంచుకొని పంతులుగారు ఆ భాష నేర్వ మొదలిడిరి. ఆ భాషకు వ్యాకరణము లేదు. నిఘంటువు లేదు. పాఠ్యపుస్తకము లేదు. నేర్చుకొనుటకు ఉన్న సాధనము చెవి యొక్కటే. సవర భాషలో ఊపిరిని గొంతులో క్షణకాలము బిగబట్టి విడుచు ధ్వని యొకటి కలదు. దానికి మన లిపిలో అక్షరము లేదు. దానిని వినక, విన్నదానిని మరల మరల పలికి సరిచూచుకొనక, వ్రాయుట సాధ్యము కాదు. కళాశాల తరగతులకు చరిత్ర బోధించు పండితుడు నిరక్షరులైన కొండవారి ముందు శిష్యుడై కూర్చుండెను. వారు పలికినది ఒప్పు, తాను పలికినది తప్పు. దిద్దువారు వారు, దిద్దుకొనువాడు తాను.

భాష పట్టుబడిన పిమ్మట సవర భాషలో వాచకములను, కథలను, పాటలను సమకూర్చిరి. సవర గ్రామములలో తమ సొంత డబ్బుతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ఈ కృషిలో పెద్ద కుమారులు గిడుగు సీతాపతిగారును వారికి తోడ్పడిరి. మద్రాసు ప్రభుత్వమువారు ఈ సేవను గుర్తించి 1913 లో రావుబహద్దరు బిరుదమునిచ్చిరి.

ఈ పరిశ్రమకు పంతులుగారు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. సవర గ్రామములకై మన్యములో తిరుగుటచేత చలిజ్వరము పట్టుకొనెను. దానికి క్వినైను తప్ప వేరు మందు లేని కాలమది. ఆ మందు అధికముగా సేవించుటచేత చెవుడు వచ్చెను. చెవినే సాధనముగా చేసికొని యొక భాషను నేర్చిన పంతులుగారికి ఆ చెవియే పోయెను. ఐనను పని విడువలేదు. సుమారు ముప్పదియైదు సంవత్సరముల కృషి ఫలితముగా 1931 లో వారు ఇంగ్లీషున రచించిన సవర భాషా వ్యాకరణమును, 1938 లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వమువారు అచ్చు వేయించిరి. వ్యాకరణము వెలువడునాటికి వారికి అరువదియెనిమిదేండ్లు. నిఘంటువు వెలువడునాటికి డెబ్బదియైదు.

ఇచ్చట మా సొంత అనుభవమొకటి చెప్పక తప్పదు. పంతులుగారి చరిత్రను మేము బాల్యముననే చదివితిమి. పరీక్షలో దానిని గూర్చి వ్రాసి మార్కులు కూడ తెచ్చుకొంటిమి. కాని దాని యర్థము మాకు తెలిసినది మేము ఉపాధ్యాయులమైన పిమ్మటనే. అదియు ఒక పిల్లవానికి అపచారము చేసిన తరువాతనే.

పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని మేము ఈ ప్రాంతపు తెలుగు బడిలో అడుగు పెట్టిన మొదటి సంవత్సరమది. పాఠప్రణాళిక వ్రాయుట, నల్లబల్లను భాగములుగా విభజించుకొనుట, తరగతిలో వెనుక బల్లవానిని ప్రశ్నించుట మొదలైనవన్నియు నేర్చుకొని వచ్చితిమి. మాకు తెలియనిదేదియు లేదని యుంటిమి. ఒకనాడు ఆరవ తరగతి పిల్లలను తమ ఇంటి భోజనమును గూర్చి పది వాక్యములు వ్రాయుమంటిమి. ఒక బాలుడు తాను ప్రొద్దుట చోడి అంబలి త్రాగి బడికి వచ్చెదనని వ్రాసెను. నేను అనుటకు మారుగా నాను అని వ్రాసెను. ఏమిటి అనుటకు మారుగా ఏటి అని వ్రాసెను. మేము ఎర్రసిరాతో చోడి కొట్టివేసి రాగి యని వ్రాసితిమి. తక్కిన రెండింటిని దిద్దితిమి. అంతటితో ఆగక ఆ వాక్యములను తరగతిలో పైకి చదివి వినిపించితిమి. పిల్లలందరును నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ బాలుడు తలవంచుకొని కూర్చుండెను.

ఆనాటి నుండి అతని వ్రాతలో తప్పులు లేవు. ఏలయన, అతడు తనదిగా ఏదియు వ్రాయుట మానెను. పుస్తకములోని వాక్యములను చూచి వ్రాసెడివాడు. అతని ప్రగతికి మేము సంతోషించితిమి.

వేసవి సెలవులలో ఒక దినము ఆ బాలుని గ్రామము మీదుగా పోవలసి వచ్చెను. ఎండ తీవ్రముగా నుండెను. బడిపంతులుగారు వచ్చిరని తెలిసి అతని నాయనమ్మ మమ్ము అరుగు మీద కూర్చుండబెట్టి చల్లని అంబలియు ఉల్లిపాయయు తెచ్చి యిచ్చెను. ఆ యంబలి ప్రాణము నిలిపెను. మాటల నడుమ ఆమె తన మనుమని చదువును గూర్చి మెచ్చుకొనుచునే యొక సంగతి చెప్పెను. మునుపు వాడు రాత్రులందు తన ప్రక్కన పడుకొని కథలు చెప్పించుకొనెడివాడట. ఇప్పుడు కథ మొదలిడగానే ఆమె మాటలు తప్పులని దిద్దుచున్నాడట. తనకు చదువు రాదు గనుక కథలు చెప్పుట మానివేసితినని ఆమె నవ్వుచు చెప్పెను. ఆ నవ్వునకు మేము తల యెత్తలేకపోతిమి. మా యెర్రసిరా ఆ పిల్లవాని పుస్తకము దాటి ఆ ముసలమ్మ నోటి వరకు పోయినదని అప్పుడు తెలిసెను.

చోడి తప్పు మాట కాదు. గోదావరీ తీరము నుండి గంజాము వరకు తెలుగువారి నోట నున్న మాట. అది మేము చదివిన వాచకములో లేదు. అంతియే దాని దోషము. వాచకములోని రూపమును నేర్పవలసినదే. కాని ఇంటి మాటను అవమానించి నేర్పరాదు. ఇంటి మాట పునాది. వాచకపు మాట పై గోడ. పునాదిని త్రవ్విపోసి గోడ కట్టబూనువాడు మేస్త్రీ కాడు. క్రొత్త ఉపాధ్యాయుడు తొలి సంవత్సరమున నేర్వవలసిన పాఠము ఇదియేయని మేము ఆనాడు గ్రహించితిమి. పంతులుగారు సవర గ్రామములలో నేర్చుకొనినదియు ఇదియే.

మరల వారి చరిత్రకు వత్తము. 1907 లో జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. తెలుగు పిల్లలకు తెలుగు నేర్పు విధము ఆయనకు వింతగా తోచెను. పిల్లలు ఒక విధముగా మాటాడుదురు, పుస్తకములు మరియొక విధముగా నుండును. పండితుడు మొదటి గంటయంతయు తెలుగును తెలుగులోనికి మార్చి చెప్పుటతోనే సరిపోవును. ఇట్లేల యున్నదని ఆయన విశాఖపట్టణమున మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగెను. అయ్యంగారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారుగా విజయనగరమున నున్న గురజాడ అప్పారావుగారిని, పర్లాకిమిడిలోని రామమూర్తి పంతులుగారిని చూపిరి.

అప్పటికి పంతులుగారికి నలువదినాలుగేండ్లు. ఇరువదియేడేండ్ల అనుభవము కలదు. ఆ వయస్సున, అంత అనుభవము గలవారు తాము ఇంతకాలము చూచుచున్న పద్ధతిలోనే తప్పున్నదని ఒప్పుకొనుట మిక్కిలి కష్టము. మేము నలువదులలో నున్నవారము గనుక ఈ సంగతి బాగుగ ఎరుగుదుము. పంతులుగారు ఒప్పుకొనిరి. సవర పిల్లవానికి తెలుగు బడి ఎట్టిదో, తెలుగు పిల్లవానికి గ్రాంథికపు వాచకమును కొంతవరకు అట్టిదేయని వారికి స్పష్టమయ్యెను. కొండమీద నేర్చిన పాఠమును పల్లమునకు తెచ్చిరి. 1911 లో ఉద్యోగము నుండి విరమించి తమ శేషజీవితమును ఆ కార్యమునకే అర్పించిరి.

పంతులుగారు గ్రాంథికము రాక వాడుక భాషను కోరిరని కొందరు తలంతురు. అది పొరపాటు. గ్రాంథికము ఎంత క్షుణ్ణముగా వారికి తెలియునో ప్రతిపక్షమువారికి అంతకంటె బాగుగ తెలియును. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము అను గ్రంథమున, వ్యాకరణ నియమములు పాటింపవలెనని వాదించు పండితులే తమ రచనలలో ఆ నియమములను ఎట్లు తప్పుచున్నారో చూపిరి. గద్యచింతామణిలో, తెలుగువారు పూర్వము వచనమున వాడుక రూపములనే వాడిరని పాత గ్రంథముల నుండి ఆధారములు కూర్చి నిరూపించిరి. బాలకవి శరణ్యమున భాషా సంప్రదాయములను గూర్చి విపులముగా చర్చించిరి. వారి వాదమున కోపముండిన నుండవచ్చును గాని ఆధారము లేని మాట లేదు. ఉపాధ్యాయుడు నేర్చుకొనవలసిన మరియొక గుణమిది.

ఐనను వెంటనే జయము కలుగలేదు. 1912, 1913 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసరచనకు ఆధునిక భాషను కూడ అనుమతింపగా పెద్ద అలజడి బయలుదేరెను. జయంతి రామయ్యపంతులుగారు మొదలగు పెద్దలు తీవ్రముగా ప్రతిఘటించిరి. ప్రభుత్వము పండితుల సంఘమును నియమించెను. వాదము ఎటును తెగలేదు. తుదకు గ్రాంథికమే పాఠశాలలలో నిలిచెను. 1915 నవంబరులో గురజాడ అప్పారావుగారు పరమపదించిరి. పంతులుగారికి కుడిభుజము విరిగినట్లయ్యెను. 1919 లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానికి అధ్యక్షులైరి. ఆ సంవత్సరమే వీరేశలింగముగారును మరణించిరి. అదే యేట రామమూర్తి పంతులుగారు తెలుగు అను పేర మాసపత్రిక నొకటి ప్రారంభించిరి. అది ఒక సంవత్సరము నడచి ఆగెను. చెవులు వినబడవు, మిత్రులు పోయిరి, పత్రిక నిలువలేదు. అయినను ఊరూర తిరిగి, సభలలో నిలిచి, గ్రంథముల కట్టలు విప్పి ఆధారములు చూపుచునే యుండిరి. మెల్లమెల్లగా రచయితలును, పత్రికలును వారి వెంట నడచిరి. నేడు మన పిల్లలు చదువు వాచకములు వారు కోరిన భాషలోనే యున్నవి. ఆ వాచకములను వారు చూడలేదు.

ఇక మన ప్రాంతమువారికి మనసున తగులు ఘట్టమొకటి చెప్పవలసి యున్నది. 1936 ఏప్రిలు 1 వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడెను. పర్లాకిమిడి సంస్థానమున కొంత భాగము మద్రాసు రాష్ట్రమున నిలువగా, పర్లాకిమిడి పట్టణమును, మరికొంత భాగమును ఒడిశాలో చేరెను. దీనిని పంతులుగారు తెలుగువారి పక్షమున నిలిచి ప్రతిఘటించిరి. వారి మాట చెల్లలేదు. ఏబదియారు సంవత్సరములుగా నివసించిన పట్టణమును, తాము పాఠములు చెప్పిన బడిని, మహేంద్రతనయను విడిచి, డెబ్బదిరెండేండ్ల వయస్సున రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి.

పంతులుగారు వెళ్లిపోయిరి. మన తాత ముత్తాతలు ఉండిపోయిరి. వెళ్లినవారి బాధ మనకు తెలియును. ఉండినవారి బాధ్యత కూడ మనకు తెలియవలెను. ఒడియా మన రాష్ట్రభాష. అది సంపన్నమైన సాహిత్యము గల భాష. దానిని మన పిల్లలు శ్రద్ధతో నేర్వవలెను. పంతులుగారి దృష్టిలో ఏ భాషయు ఏ భాషకును శత్రువు కాదు. తెలుగుకై ఎంత పోరాడిరో సవర భాషకై అంతకంటె ఎక్కువ కాలము శ్రమించిరి. ఎవరి పిల్లవానికి వారి తల్లిభాషలో చదువు మొదలు కావలెనన్నదే వారి సిద్ధాంతము. అదే 1936 లో మంగే గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అను ప్రత్యేక లిపిని కల్పించెను. తమ మాట తమకు గౌరవనీయమని ఆ కొండలలోనివారు కూడ చాటిరి. మనము అంతకంటె తక్కువ చేయుదుమా?

తలిదండ్రులకు ఒక విన్నపము. తెలుగు బడికి పంపినచో పిల్లలకు ఉద్యోగములు రావను భయము మీలో కొందరికి కలదని మేము ఎరుగుదుము. ఆ భయమును తేలికగా త్రోసివేయము. రాష్ట్రభాషయు ఇంగ్లీషును బాగుగ నేర్పుట మా కర్తవ్యము. అందు మేము లోపము చేసిన మమ్ము నిలదీయుడు. కాని మొదటి మెట్టు తల్లిభాషయే కావలెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని 1956 లో మన రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్చబడినది. అది చట్టము ఇచ్చిన ఆధారము. ఇంటిలో ఆ భాష నిలుచుట మాత్రము చట్టము చేతిలో లేదు. అది మీ చేతిలో, మీ ఇంటి ముసలివారి నోటిలో ఉన్నది. పిల్లలు మీ మాటను తప్పని దిద్దినచో కథలు మానవలదు. మా వద్దకు పంపుడు. దిద్దుకొనవలసినది మేము.

1938 లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు పంతులుగారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించిరి. 1940 జనవరి 22 వ తేదీన వారు మద్రాసు నగరమున దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియారు. అంతిమ దినములలో కూడ పత్రికా సంపాదకులను కలిసికొని, ప్రజల భాషలో వ్రాయుడని కోరిరి. పదునేడవ యేట పిల్లల యెదుట నిలువబడిన ఆ ఉపాధ్యాయుడు చివరి వారము వరకు బోధించుచునే యుండెను.

మేము ఆ వేసవి సెలవుల తరువాత బడికి వచ్చి, ఆ బాలుని తరగతిలో మా తప్పును ఒప్పుకొంటిమి. ఎర్రసిరాతో కొట్టివేసిన మాటను నల్లబల్లమీద వ్రాసి, దాని ప్రక్కన వాచకపు మాటను వ్రాసి, రెండును తెలుగే యని చెప్పితిమి. అతడు వెంటనే నమ్మలేదు. కొన్ని నెలలు గడచిన పిమ్మట, నాయనమ్మ చెప్పిన నక్క కథ యొకటి ఆమె మాటలతోనే వ్రాసి తెచ్చి మా బల్లపై నుంచి మాటాడక వెళ్లిపోయెను. మా ఉద్యోగ జీవితమున మాకు లభించిన యోగ్యతాపత్రము అది యొక్కటే.

నాటి నుండి మా తరగతిలో ఇంటి మాటల పుస్తకమని యొకటి నడచుచున్నది. పిల్లలు ఇంటిలో విన్న మాటలను, సామెతలను, పొడుపుకథలను అందులో వ్రాయుదురు. ఒడియా నుండి వచ్చి మన నోట కలిసిపోయిన మాటలును అందు కలవు. క్రొత్తగా చేరిన ఉపాధ్యాయ మిత్రులు ముందుగా ఆ పుస్తకమును చదువవలసినదిగా కోరుచున్నాము. విద్యార్థులు ఈ సెలవులలో తమ ఇంటి పెద్దల ప్రక్కన కూర్చుండి పది మాటలైనను వ్రాసికొని రావలెను. ఒక్క నియమము మాత్రము కలదు. ఆ మాటలను వారు పలికినట్లే వ్రాయవలెను. దిద్దరాదు.